జర్మనీ సారు, రెండో చొక్కా

గంజి పెట్టిన తెల్లబట్ట మీద కాలిన ఇస్త్రీపెట్టె ఆనగానే ఒక వాసన వస్తుంది. అన్నం అడుగంటబోయే ముందు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. ప్రొద్దుటూరులో మా వీధి మొదట్లో ఉన్న ఇస్త్రీ బండి దగ్గర మొన్న నా నూలు చీరలు ఇవ్వడానికి నిలబడితే ఆ వాసన ముఖాన కొట్టింది. ఎన్నికల రోజులు. బండి మీద నా చీరలకు చోటే లేదు. అన్నీ తెల్ల చొక్కాలే, ఒకదాని మీద ఒకటి, కాలర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. "రేపు ఇస్తా మేడం, ఈ పొద్దు అంతా లీడర్లవే" అన్నాడు ఇస్త్రీ ఆయన. "ఇంతమంది లీడర్లు ఉండారా అప్పా మన ఊర్లో?" అన్నాను. "లీడరు ఒక్కడే మేడం. మిగిలినవన్నీ ఆయప్ప మాదిరి కనపడాలనుకునేటోళ్లవి" అని నవ్వాడు. పాపం, నా ముందు ఆ మాట అనకూడదని అతనికేం తెలుసు. చీరలు అక్కడే పెట్టి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగాను. ఆశీర్వాదం సారు గుర్తొచ్చాడు. ఆయన వెనకే మా అన్న మౌలాలి. ఆ ఇద్దరూ నాకు విడివిడిగా గుర్తుకురావడం మానేసి చాలా కాలమైంది.

ఆశీర్వాదం సారు మాకు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. సొంత ఊరు జమ్మలమడుగు. తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర దేవుణ్ణి, చదువును ఒకేసారి పుచ్చుకున్న కుటుంబం. హైదరాబాదులో చదివే రోజుల్లో జర్మన్ భాష నేర్చుకుని, జర్మన్ సాహిత్యంలో అనుకరణ అనే మాట చుట్టూ జరిగిన వాదాల మీద పరిశోధన చేశాడు. చేసి, ప్రొద్దుటూరొచ్చి పడ్డాడు. బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, ఎవడు ఏ వర్గం మనిషో అడిగి గానీ టీ ఇప్పించని ఊరు. ఇక్కడ ఆ చదువు ఎవరిక్కావాలి? అందుకే ఆయనకు జర్మనీ సారు అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆయన మాత్రం ఊరుకోలేదు. పాఠం పద్యం మీద మొదలైనా, వ్యాసం మీద మొదలైనా, పావుగంటలో బండి అక్కడికే వచ్చేది.

"ఆ జర్మనీ వాళ్లుండారే, వాళ్లలో శానామంది గ్రీసు దేశం మొగం చూడలేదు" అనేవాడు, బల్ల మీద సగం కూర్చుని. "గ్రీకు బొమ్మలకు ఎవురో అచ్చులు పోస్తే ఆ అచ్చులు చూసినారు. ఆ బొమ్మలే శానా మటుకు రోము వాళ్లు చేసిన నకళ్లు. నకలుకు నకలు. అది చూసి, అబ్బా, మనమూ ఇట్లే చేయాల, అప్పుడే మనం గొప్పోళ్లమైతాం అని ఒకడు. ఒరే, అయిపోయిన బొమ్మను చూసి చేస్తే నీకు మిగిలేది తోలే. దాన్ని చేసిన శక్తి యాడుందో అది పట్టుకో, చెట్టును కాదు, చెట్టును పుట్టించే నేలను అనుకరించు అని ఇంగొకడు. తరాల తరబడి కొట్లాడినారప్పా. బాంబులు లేకుండా!" ఆ చివరి మాటకు క్లాసంతా గొల్లుమనేది. నేను నవ్వేదాన్ని కాదు, రాసుకునేదాన్ని. దూదేకుల ఇంటి పిల్లను, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను. ఆయన నోటి నుంచి రాలిన ప్రతి మాటా నాకు బంగారమే.

ఎంత బంగారమంటే, ఏడాది తిరిగేసరికి నేను ఆయనలా మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయనలాగే వాక్యం మధ్యలో ఆగి కిటికీ వైపు చూడటం, ఆయనలాగే సుద్దముక్కను రెండు వేళ్ల మధ్య బీడీలా పట్టుకోవడం. ఒకరోజు సెమినార్లో నేను మాట్లాడి వచ్చి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టారు. సారు కొట్టలేదు. క్లాసు అయిపోయాక పిలిచాడు. "పాతిమా, నువ్వు చెప్పిందంతా బాగుంది. అది నా గొంతు. నీది యాడ పెట్టినావు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "ఏడవొద్దు. యాడ పెట్టినావో ఎతుక్కో. దొరికినాక రా" అని వెళ్లిపోయాడు. ఈరోజు నేను నలుగురి ముందు నిలబడి నా మాట నేను చెప్పగలుగుతున్నానంటే ఆ పొద్దు ఆయన కొట్టని చప్పట్లే కారణం. అది ఒప్పుకోకపోతే నోరు పుచ్చిపోతుంది. ఆయన మీద నాకున్న కోపం వేరే లెక్క.

మా అన్న నాకంటే ఏడాదిన్నర పెద్ద. ఇంటర్ ఒకసారి తప్పి నా క్లాసులోకే వచ్చి కూర్చున్నాడు. చదువు అబ్బలేదు గానీ, మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, మర్నాటికి వాడి నడక, గొంతు, ముక్కు చీదే తీరు అన్నీ దింపేసేవాడు. ఒకరోజు సారు రాకముందు బల్ల మీదెక్కి సారును చేస్తున్నాడు. సారు గుమ్మంలోనే నిలబడి పూర్తిగా చూశాడు. అన్న దిగబోతే, "ఉండు, దిగొద్దు. నా దగ్గు ఇంగొకసారి చెయ్యి" అన్నాడు. అన్న చేశాడు, అచ్చం అదే పొడిదగ్గు. "దగ్గు బాగా చేసినావు. నేను ఎప్పుడు దగ్గుతానో చూడలేదు. ఎవరన్నా ప్రశ్న అడిగి, నాకు జవాబు తెలీకపోతే అప్పుడు దగ్గుతా. అది పట్టుకుంటే నువ్వు నా దగ్గు చేయాల్సిన పని లేదు, అదే వస్తాది. లోపల్నుంచి చెయ్యి మౌలాలీ. బయటి నుంచి చేసేది కోతి" అన్నాడు. ఆ రోజు నుంచి మా అన్న ఆయన వెంట నీడలా తిరిగాడు. బడి అంటే వెనకబల్ల అనుకున్నవాడికి మొదటిసారి ఒక మాష్టరు, నీ దగ్గర విద్య ఉంది అన్నాడు మరి.

మా నాన్న కాశీంసాబు టైలరు. మార్కెట్ వీధిలో చిన్న అంగడి. టైలర్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. పాత గిరాకీలు ప్రతిసారీ కొలతలివ్వరు. ఒంటికి సరిగ్గా కుదిరిన చొక్కా ఒకటి టైలరు దగ్గరే ఉంచుతారు. దాన్ని ఆది అంటాం. దాన్ని పరుచుకుని, దాని కొలతకే కొత్తబట్ట కత్తిరిస్తారు. నాన్న దగ్గర పెద్దాయన ఆది ఉండేది. పెద్దాయన పేరు రాయను. జమ్మలమడుగు అవతల ఒక ఊరి మనిషి, ఒక వర్గానికి నాయకుడు. అవతలి వర్గంతో తండ్రుల కాలం నుంచి చంపుకోవడాలు. అవతలివాళ్లు ఒక పార్టీ జెండా పట్టుకుంటే వీళ్లు ఇంకొకటి పట్టుకున్నారు. తర్వాత జెండాలు అటూ ఇటూ మారాయి, చంపుకోవడం మాత్రం మారలేదు. ఆయన కొలతలివ్వడానికి ఎప్పుడూ అంగడికి రాలేదు, నాన్నను ఇంటికి పిలిపించుకోనూ లేదు. కత్తెర పట్టుకునే మనిషి మెడ దగ్గరికి రావడం ఆయనకు ఇష్టం ఉండదని నాన్న గుసగుసగా చెప్పేవాడు. అందుకే ఆది.

సారు ఒకసారి ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, దండెం మీద ఆ తెల్లచొక్కా చూసి, సంగతి విని, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "కాశీంసా, అనుకరణకు జర్మన్లో ఉండే మాట గూడా కొలతలోంచే పుట్టిందంట. ఒక పీపా కొలత తీసి, దానికి సరిగ్గా ఇంగొకటి కొలుచుకోవడం. నువ్వు చేసే పనే" అన్నాడు. "అట్లయితే నేనూ జర్మనీ సారునే అన్నమాట" అన్నాడు నాన్న, నోట్లో గుండీలు పట్టుకునే. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది. అల్లా, ఆ చొక్కా ఆ రోజు దండెం మీద లేకపోయి ఉంటే అనుకుంటాను.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. ఊళ్లో కుర్రాళ్లకు ఒకటే పిచ్చి. పెద్దాయనలాగే మెలితిప్పిన మీసం, ఆయనలాగే మోచేతి దాకా మడిచిన తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. ఆయనలాగే 'ఊ' అని సగం మాట మింగడం. మా కాలేజీలోనే బెంచీకొక పెద్దాయన ఉండేవాడు. సారుకు ఒళ్లు మండిపోయింది. "వీళ్లకు అద్దం చూపిస్తా" అని కాలేజీ వార్షికోత్సవానికి ఒక చిన్న నాటిక రాశాడు. ఒక నాయకుడు బోరు ప్రారంభించడానికి ఒక ఊరికొస్తాడు. మీట నొక్కుతాడు. నీళ్లు రావు. నాయకుడు కదలడు. ఆయన కదలడు గనక ఎవరూ కదలరు. కాసేపటికి ఒకడు, "అబ్బా, ఏం నీళ్లు సామీ!" అని పొడి తువ్వాలు పిండుతాడు. ఇక ఊరంతా పొడి తువ్వాళ్లు పిండటం మొదలుపెడుతుంది. అంతే నాటిక. నాయకుడి వేషం మౌలాలిది.

ప్రిన్సిపాల్ మా సారు కాళ్లమీద పడ్డంత పని చేశాడు. "ముఖ్య అతిథి ఆ పెద్దాయనే కదయ్యా ఆశీర్వాదం! కొరివితో తల గోక్కుంటావా?" అన్నాడంట. "ఆయన వస్తాడనే కదా సార్ వేస్తాండేది. మనిషి తన్ను తాను చూసుకుంటే సిగ్గుపడతాడు" అన్నాడంట మా సారు. నిజంగానే నమ్మాడు. పుస్తకాల్లో ఎక్కడో చదివిన మాట, కడప జిల్లాలో పనిచేస్తుందని నమ్మాడు. రిహార్సల్స్‌లో ఒకటే పట్టు పట్టాడు. పెద్దాయన మాట్లాడే ముందు ఎడమ చెయ్యి ఒకసారి మెడ దగ్గరికి పోయి కాలరు సర్దుకుంటుంది. ఊరి కుర్రాళ్లంతా అది దర్జా అనుకుని చేసేవాళ్లు. "ఆ చెయ్యి ఆడికి యెందుకు పోతాది? కనుక్కో" అన్నాడు సారు. మౌలాలి మా నాన్ననూ, ఇంకా అవతలా ఇవతలా అడిగి కనుక్కున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన మెడ మీద వేటు పడిందంట. ఆ మచ్చ మీదికే చెయ్యి పోతుంది. "అది దర్జా కాదు సార్, భయం" అన్నాడు మా అన్న. సారు మా అన్నను కౌగిలించుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ క్షణంలో నాకు అన్నను చూసి అసూయ కూడా కలిగింది.

నాటికకు అసలు చొక్కా ఉంటే ప్రాణం వస్తుందని సారు మా ఇంటికొచ్చి నాన్నను ఆది అడిగాడు. నాన్న నసిగాడు. అమ్మ వంటింట్లోంచే అంది, "పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, మనకెందుకు సారూ ఆయప్ప యేసం? ఆడుకునేకి ఇంగేం దొరకలేదా?" "ఒక్కరోజేనమ్మా, తెచ్చిస్తా" అన్నాడు సారు. చొక్కా తెచ్చిచ్చాడు, నిజమే. తెచ్చివ్వనిది వేరే.

వార్షికోత్సవం సాయంత్రం పెద్దాయన ముందువరుసలో కూర్చున్నాడు. మా అన్న తెర పక్క నుంచి వచ్చాడు. ఆ చొక్కా అతనికి కుట్టినట్టే ఉంది. ఇద్దరి ఒంటి కొలతా ఒకటేనని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. నాలుగడుగులు వేసి, ఆగి, ఎడమ చెయ్యి మెడ దగ్గరికి పోనిచ్చాడు. ఆ ఒక్క కదలికలో మీసం వెనకాల ఉన్న భయమంతా కనిపించింది. కుర్రాళ్లు నవ్వబోయి నోరు మూసుకున్నారు. పొడి తువ్వాళ్లు పిండే ఘట్టమూ వచ్చింది. నాటిక అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ ముందువరుస వైపు చూస్తున్నారు. పెద్దాయన లేచాడు. గట్టిగా నవ్వాడు. వేదిక ఎక్కి తన భుజం మీది తువ్వాలు తీసి మా అన్న భుజాన వేశాడు. ఇక చప్పట్లు చూడాలి! "ఎవురు నేర్పినారప్పా నీకు?" అన్నాడు. "ఆశీర్వాదం సారు" అన్నాడు అన్న మురిసిపోతూ. "శానా మంచి పని చేసినావు సారూ" అన్నాడాయన, సారు వైపు తిరిగి. సారు ముఖం సుద్దముక్కలా పాలిపోయింది. తను చూపించిన అద్దంలో ఆయనకు సిగ్గు కనిపించలేదు, పనికొచ్చే వస్తువు కనిపించింది. అది సారుకు ఆ క్షణంలోనే అర్థమైందనుకుంటాను. మాకు అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది.

పెద్దాయన మనిషి అంగడికొచ్చాడు. "కాశీంసా, ఇంగ మీద అయ్యకు ఒగటి కుడితే, అదే ఆదికి ఇంగొకటి కుట్టు. రెండోది మీ పిల్లోనికి" అన్నాడు. నాన్న మొదట్లో పొంగిపోయాడు. పెద్దాయన బట్ట నా కొడుకు ఒంటి మీద! అన్న కాలేజీ మానేశాడు. నాయకుడి పక్కన ఉద్యోగమన్నాడు. ఏం ఉద్యోగం? పెద్దాయన బయలుదేరితే ముందూ వెనకా రెండు తెల్ల అంబాసిడర్లు కదిలేవి. ఒకదాంట్లో ముందుసీట్లో మా అన్న కూర్చునేవాడు, తెల్లచొక్కా, తువ్వాలు, మెలితిప్పిన మీసంతో, అద్దం దించి జనానికి చెయ్యి ఊపుతూ. పెద్దాయన రెండోదాంట్లో ఉండేవాడు, లేదా వెనక వచ్చే పాత జీపులో పడుకుని ఉండేవాడు. దారికాచే వాడికి ఎవరు ఎవరో తెలియకూడదు. మా సీమలో అందరికీ తెలిసిన పద్ధతే అది. మా ఇంటికొచ్చేదాకా మాకు తెలియలేదు, అంతే. తెలిసిన రోజు అమ్మ పోయి నాన్న కుట్టుమిషను మీద నీళ్లకుండ పగలగొట్టింది. నాన్న మిషను తుడిచి మళ్లీ కుట్టడానికి కూర్చున్నాడు. కుట్టనని చెప్పే ధైర్యం ఉన్నవాడెవడు?

సారుకు నేనే చెప్పాను. ఆయన ఆ మధ్యాహ్నమే నాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. అక్కడ దిగి ఆటోలో ఆ ఊరు. పెద్దాయన ఎంత మర్యాద! మంచాల మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. "పిల్లోడు చదువుకోవాల్సినోడు, పంపించండి" అన్నాడు సారు. "నేనేమన్నా వాన్ని కట్టేసినానా సారూ? వాన్నే అడుగు" అన్నాడాయన. అన్న వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వలేదు. సారు లేచి, "మౌలాలీ, పోదాం రా నాయినా. నాటిక అయిపోయింది" అన్నాడు. అన్న ఎడమ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఆ చెయ్యి నటనకు పోలేదు, నేను చూశాను. పెద్దాయన గొంతుతోనే, ఆ సగం మింగిన మాటలతోనే అన్నాడు, "రాను సార్. మీరే కదా చెప్పింది, బయటి నుంచి చేస్తే కోతి అని. ఇప్పుడు లోపల్నుంచే చేస్తాండా." నాన్న వాడి చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ అన్నం తినలేదురా" అన్నాడు. అన్న కళ్లు ఒక్క క్షణం మావి అయ్యాయి. "పండక్కి వస్తా నాయినా, పో" అన్నాడు. ఆ ఒక్క మాట తన గొంతు. దొడ్డిగుమ్మం నిండా పెద్దాయన మనుషులు నిలబడి ఉండటం నాకు అప్పుడు కనిపించింది. బస్సులో సారు కిటికీ వైపు తిరిగి ప్రొద్దుటూరు దాకా దగ్గుతూనే ఉన్నాడు.

కొన్నాళ్లకు పెద్దాయన, ఆయనతో మా అన్న, పులివెందులలో ఏదో పెళ్లికి పోయి ప్రొద్దుటూరు మీటింగుకు తిరిగొస్తున్నారు. ఎర్రగుంట్లకు చేరకముందే సిమెంటు లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. పట్టపగలు. ఆ తర్వాతిది అందరికీ తెలిసిన కథే, అది రాసే ఓపిక నాకు లేదు. ప్రొద్దుటూరుకు ముందు చేరిన వార్త, పెద్దాయన పోయాడని. అంగళ్ల షట్టర్లు దడదడా పడ్డాయి. మగవాళ్లు రోడ్డు మీద కూర్చుని గుండెలు బాదుకున్నారు. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి, "అల్లా, ఆయప్ప పోతే నా కొడుకు ఇంటికొస్తాడు" అంది. అవును, ఆ మాట అంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది కూడా. అన్నం ఉడికే లోపలే వీధిలో టపాకాయలు మోగాయి. పక్కింటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి, "పెద్దాయన బతికే ఉండాడంట! సచ్చింది ఆయప్ప కాదంట!" అని కేకలేశాడు. ఊరంతా కేరింతలు. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఆ టపాకాయల చప్పుడుకు ఇప్పటికీ నేను చెవులు మూసుకుంటాను. దీపావళికి ఇంట్లోంచి బయటికి రాను.

ఆసుపత్రిలో ముఖం చూసి చెప్పే స్థితి లేదు. పోలీసులు చొక్కా చూపించారు. పెద్దాయన చొక్కా, అన్న చొక్కా రెండూ నాన్న కుట్టినవే, ఒకే ఆదికి, ఒకే తాను బట్టలోంచి. నాన్న చొక్కా లోపలి వైపు తిప్పి పక్కకుట్టు తడిమాడు. ఎదిగే పిల్లలకు టైలర్లు కుట్టు లోపల కాస్త బట్ట ఎక్కువ వదులుతారు, రేపు ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయొచ్చని. కొడుకు చొక్కాలకు నాన్న చెప్పకుండా అలా వదిలేవాడు. చేతికి ఆ మడత తగిలింది. "నా పిల్లోడే" అన్నాడు. ఆ తర్వాత మా నాన్న కత్తెర పట్టలేదు.

పెద్దాయన ఉదారుడు మరి! గండికోట పోయే దారిలో ఒక మలుపు దగ్గర మా అన్నకు విగ్రహం పెట్టించాడు. శిల్పికి ఫోటో కావాలన్నారు. మా ఇంట్లో అన్న ఫోటో అంటే చిన్నప్పుడు బడిలో తీసిందే. పెద్దవాడయ్యాక తీయించుకున్నవన్నీ ఆ తెల్లచొక్కాలో, తువ్వాలుతో, మీసంతో ఉన్నవే. శిల్పి వాటిని చూసి చేశాడు. చెక్కింది మా అన్నను, లేచింది పెద్దాయన. ముసుగు తీయగానే అమ్మ, "వీడెవడు?" అంది. అంతకంటే నిజమైన మాట ఆ రోజు ఎవరూ అనలేదు. పెద్దాయన మా ముందే కంటతడి పెట్టాడు. గురువు రెండు మాటలు చెప్పాలని సారును మైకు దగ్గరికి పిలిచారు. ఆయన వెళ్లాడు. ఎవరో వెనక నుంచి, "మౌలాలి గురించి చెప్పండి సార్, ఎట్లాంటోడో" అన్నారు. సారు మైకులో ఒకసారి పొడిదగ్గు దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. దిగి వెళ్లిపోయాడు. జనం గొంతు పట్టుకుపోయిందనుకున్నారు.

ఆ ఏడాదే ఆయన పులివెందులకు బదిలీ చేయించుకున్నాడు. అక్కడ ఆయన దగ్గర చదివినవాళ్లు తర్వాత నాతో చెప్పారు, ఆయన గ్రామరు తప్ప ఏమీ చెప్పేవాడు కాదని. జర్మన్ మాట ఒక్కటి కూడా ఆయన నోట వినలేదంట. అయితే పోయే ముందు మా ఇంటికొచ్చాడు. అమ్మ గడప దాటనివ్వలేదు. ఎండలో మెట్టు మీదే నిలబడి, "పాతిమాను పై చదువుకు తిరుపతికి పంపండమ్మా. ఆ పిల్ల గొంతు ఆ పిల్లకు దొరికింది" అన్నాడు. "ఒకరిని చదివించినావు కదా సారూ, చాలు" అంది అమ్మ. ఆయన ఆ మాట పడి అక్కడే నిలబడ్డాడు. లోపల్నుంచి నాన్న, "పోనీయే, పోతుంది" అన్నాడు. అలా నేను పోయాను. ఆయన నాకు దారి చూపించాడు, మా అన్నకూ ఆయనే దారి చూపించాడు. నేను ఆయన్ని క్షమించానా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్తాను. ఆయనంటే గౌరవం పోయిందా అంటే అదీ లేదు. కక్కలేను, మింగలేను.

చివరి రోజుల్లో జమ్మలమడుగులో మంచాన పడ్డాడని తెలిసి వెళ్లాను. ఎముకలగూడు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమని సైగ చేశాడు. "మనిషి తన్ను తాను చూసుకుంటే సిగ్గుపడతాడనుకున్నా పాతిమా" అన్నాడు. "మనోళ్లు అద్దంలో చూసుకొని సిగ్గుపడరు. మీసం దువ్వుకుంటారు. ఇంత చదివినా, ఈ ఒక్కటి తెలీలేదు నాకు." నేను ఊరుకోలేదు. "మీకు తెలీకపోవడానికి మా అన్న పోయినాడు సార్" అన్నాను. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది. ఆయన తల ఊపాడు. "మౌలాలి గొంతు ఒగసారి చేసి చూపిచ్చు. వాడి సొంత గొంతు" అన్నాడు. ప్రయత్నించాను. నోరు తెరిస్తే సారు గొంతు వస్తోంది, పెద్దాయన గొంతు వస్తోంది, వాడు చేసి చూపించిన ఊరి జనమంతా వస్తున్నారు. వాడు రాలేదు. ఆ వారమే సారు పోయాడు.

పెద్దాయన కూడా పోయాడు, పెద్ద ఆసుపత్రిలో, మంచం మీద, మనవలు చుట్టూ ఉండగా. రోడ్డు వెడల్పు చేసినప్పుడు విగ్రహం కింద అన్న పేరున్న రాయి పోయింది. పార్టీవాళ్లు రంగులేసి, కొత్త రాయి పెట్టి, పెద్దాయన పేరు చెక్కించారు. నేను పార్టీ ఆఫీసుకు పోయి అడిగాను. "ఇది మా అన్న విగ్రహం నాయినా" అన్నాను. అక్కడున్న కుర్రాడు, వాడూ తెల్లచొక్కానే, చాలా గౌరవంగా, "రుజువేమన్నా ఉందామ్మా?" అన్నాడు. నా దగ్గరున్న ఫోటో తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెద్దాయనే కదమ్మా!" అని దండం పెట్టి మరీ వెనక్కిచ్చాడు.

పోయిన చలికాలం నేను పాఠం చెప్పే కాలేజీ పిల్లలను గండికోటకు తీసుకుపోయాను. ఆ మలుపు దగ్గర బస్సు ఆగింది. విగ్రహానికి పూలదండలు, మెడ చుట్టూ కొత్త పార్టీ కండువా ఉన్నాయి. "మేడం, ఆయప్ప ఎవరు?" అని అడిగింది ఒక పిల్ల. అప్పటిదాకా క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఎందుకో చెప్పాను, "మా అన్న. మౌలాలి." ఆ పిల్ల విగ్రహం వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, మెల్లగా, "ఆయన ఎట్లుండేవాడు మేడం?" అంది.

నాకు దగ్గొచ్చింది.